డౌన్ అంటే కింద కాదు

ఉతికి పాడుచేసిన బట్టల గురించి ఎవరూ చెప్పుకోరు. పోగొట్టిన మరకల గురించే చెప్పుకుంటారు. ముప్పయ్యేళ్ళు నేనూ అదే చేశాను. పట్టుచీర మీద నూనె, తెల్లకోటు మీద సిరా, పంచె మీద పసుపు, వీటన్నిటి మీదా నేను గెలిచిన కథలు మా వీధిలో అందరికీ తెలుసు. ఎందుకంటే నేనే చెప్పాను. మామిడి సొన మీద మాత్రం గెలిచానని చెప్పను. నూజివీడులో పుట్టి పెరిగినదాన్ని, సొన సంగతి నాకు తెలియదా? దాంతో ఎప్పుడూ రాజీయే. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి, కొత్తగా ఈ పనిలోకి వస్తున్న మీలాంటి పిల్లలకి ఓడిపోయిన కథ ఒకటి చెబుతాను. పూర్తిగా ఓడిపోలేదు లెండి. అంత తేలిగ్గా ఓడే మనిషిని కాను.

మా లాండ్రీ పల్లంలోకి దిగిన స్థలంలో ఉండేది. రోడ్డు వైపు కౌంటరు, మిషన్లు, ఇస్త్రీ బల్లలు. వెనక ఎనిమిది మెట్లు దిగితే సిమెంటు తొట్లు, ఉతికే బండలు, వేన్నీళ్ళ కాగు. పైన మిషన్లో వేసేవాటికి స్లిప్పు మీద ‘అప్’ అని, కింద బండల దగ్గరికి పోయేవాటికి ‘డౌన్’ అని రాసేవాళ్ళం. చీరలు, చొక్కాలు అప్. బొంతలు, జంపఖానాలు, కర్టెన్లు, తోటల్లో కాయల మీద కప్పే పట్టాలు డౌన్. ఈ పద్ధతి పెట్టింది నేనే. పనిలో చేరిన ప్రతివాళ్ళకీ మొదటిరోజే చెప్పేదాన్ని: “స్లిప్పు మీద ఏముంటే అదే వేదం. మధ్యలో మీ తెలివితేటలు వాడొద్దు.” అంతలా చెప్పినదాన్ని కాబట్టి, తర్వాత జరిగినదానికి ఇంకొకరి మీద అరిచే హక్కు నాకు లేకుండా పోయింది. అయినా అరిచాననుకోండి.

కింద బండల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. అందరం బాబాయి అనేవాళ్ళం. సోడా వేన్నీళ్ళలో నానేసి, బండకేసి నాలుగు దెబ్బలు కొడితే పోని మురికి లోకంలో లేదని ఆయన నమ్మకం. చదువు పెద్దగా లేదు కానీ అప్, డౌన్ రెండు మాటలూ గుర్తుపట్టేవాడు. ఆయనకి కావలసింది కూడా అంతే.

అది మే నెల. కాయ జోరుగా దిగుతోంది. ఓ సోమవారం పొద్దున కౌంటరు దగ్గరికి డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె నారింజరంగు మూట పట్టుకుని వచ్చింది. సన్నగా, ఎండకి కమిలి, నిటారుగా ఉంది. నేను ఫోన్లో ఒక హాస్టల్ వార్డెన్‌తో గొడవ పడుతున్నాను. దిండు గలీబులు తక్కువొచ్చాయని ఆవిడ, నువ్వు పంపిందే తక్కువని నేను. ఒక చెవి అటు, ఒక చెవి ఇటు.

“మేడం, స్లీపింగ్ బ్యాగండి. దీని మీద సొన పడింది. ఉతికి పెట్టాలి.”

“స్లిప్పు అక్కడుంది, రాసి పెట్టమ్మా.”

“మేడం, ఇది డౌన్ అండి.”

“సరే, డౌన్‌కే పంపిస్తాను.”

“జాగ్రత్తండీ. డౌన్ కదా, ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వొద్దన్నారు.”

“ఏం భయం లేదు. మా డౌన్ చూసుకునే ఆయనకి నలభయ్యేళ్ళ అనుభవం.”

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఎక్కడా దొరకని పనిమంతుడు నూజివీడులో, అదీ బస్టాండు పక్కనే దొరికాడని సంబరపడి ఉంటుంది. స్లిప్పు మీద గుండ్రటి అక్షరాలతో ‘స్లీపింగ్ బ్యాగ్ – 1 – డౌన్’ అని రాసింది. నేను మళ్ళీ చూడకుండానే సంతకం గీకాను. ఇద్దరం ఒకే మాట అన్నాం, ఇద్దరం తృప్తిగా తలూపాం. ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదని ఇద్దరికీ తెలియదు.

మర్నాడు మధ్యాహ్నం కిందనుంచి కేక.

“అమ్మాయ్! ఒకసారి ఇలా రా. దీంట్లో కోడేమన్నా ఉందేంటి?”

మెట్లు దిగేసరికే వాసన కొట్టింది. తడిసిన కోళ్ళగూడు వాసన. బాబాయి చేతిలో ఆ నారింజరంగు సంచి తడిసిన గోనెలా వేలాడుతోంది. ముందురోజు ఉబ్బిన బూరెలా ఉన్నది, ఇప్పుడు చప్పగా అతుక్కుపోయి, లోపల అక్కడక్కడా నిమ్మకాయంత ముద్దలు. కాళ్ళు పెట్టుకునే చివర కుట్టు ఒకచోట విడిపోయి, అందులోంచి తెల్లటి నూగు బయటికొచ్చి బండనిండా అంటుకుంది. సొన మరక మాత్రం ఎక్కడిది అక్కడే నల్లగా ఉంది.

“ఎంతసేపు నానేశావు?”

“అరగంట. సోడా వేశాను. నాలుగు దెబ్బలే కొట్టాను. ఐదోది కొట్టబోతే ఈకలొచ్చాయి.” మనిషి బిత్తరపోయాడు. “డౌన్ అని రాసుందిగా అమ్మాయ్?”

రాసుంది. కింద నా సంతకం కూడా ఉంది.

సాయంత్రం ఆ పిల్ల తన తల్లితో వచ్చింది. ముసునూరు దగ్గర ఊరు వాళ్ళది. తల్లి మామిడి తోటల్లో కాయ కోతకీ, ఆ కాలం దాటితే వరి పనికీ పోతుంది. కూతురికి బూట్లు కొనడానికి నూజివీడు వచ్చారట. కొన్న బూట్ల పెట్టె తల్లి చంకలో ఉంది. నేను తడి సంచి తెచ్చి కౌంటరు మీద పెట్టాను. ఆ పిల్ల దాన్ని చేత్తో తడిమి, ముద్దలు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది.

అప్పుడు నేను చేసిన పని ఈ కథ మొత్తంలో పెద్ద తప్పు. బండ మీద జరిగింది దీని ముందు చిన్నది.

“నువ్వే కదమ్మా డౌన్ అని రాశావు?” అన్నాను, స్లిప్పు తీసి చూపిస్తూ. “మా దగ్గర డౌన్ అంటే కింద బండ మీద ఉతికేది. నువ్వు రాసిందే మేం చేశాం.”

“డౌన్ అంటే ఈకలు మేడం,” అంది ఆ పిల్ల. “బాతు పొట్ట కింద మెత్తగా ఉంటుంది చూడండి, ఆ నూగు. దాన్నే డౌన్ అంటారు ఇంగ్లీషులో.”

తల్లి గిర్రున కూతురి వైపు తిరిగింది. “మరి ఈకలని తెలుగులో రాస్తే నీ సొమ్మేం పోయిందే? అంత చదువూ చదివి!”

నేను నోరు మూసుకున్నాను. తిట్లు నా మీదినుంచి ఆ పిల్ల మీదికి మళ్ళాయి కదా, హమ్మయ్య అనిపించింది. ఆ హమ్మయ్య తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మెల్లగా అసలు సంగతి బయటపడింది. ఆ పిల్ల మంచుకొండల మీద ట్రైనింగుకి ఎంపికైంది. చుట్టుపక్కల కాలేజీలన్నిటి నుంచీ వెళ్ళే జట్టులో తనూ ఒకర్తి. ఇంత ఖరీదు సంచి వాళ్ళెక్కడ కొంటారు? ఆ జట్టు కోచ్ సార్ తన సొంతది ఇచ్చాడు. అలవాటు పడదామని తోటలో పాకలో పరుచుకుని పడుకుంటే, పక్కన పోసిన కాయల సొన కారింది. శనివారం పొద్దున మైలవరం గ్రౌండ్‌లో అందరి సామాన్లూ ఆ సారే చూస్తాడు. సామాను సరిగ్గా లేనివాళ్ళని ఆపేసి, వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళని తీసుకెళతాడు. ఆదివారం రైలు. ఆ రోజు మంగళవారం.

“పైన పెద్ద డ్రయ్యరుంది, వేసేద్దాం, గంటలో ఆరుతుంది,” అన్నాను.

“వద్దండీ!” అని ఆ పిల్ల సంచిని గుండెకి హత్తుకుంది. “అంత వేడికి గుడ్డ కరిగిపోతుంది.”

“అయితే గట్టిగా పిండి ఎండలో...”

“బాతు తడిస్తే పిండుతారా అండీ?” అంది తల్లి.

అందరం ఆమె వైపు చూశాం.

“కోతలయ్యాక మా చేలల్లోకి కొల్లేటి వైపునుంచి బాతుల మందలొస్తాయి. నేను చూస్తా ఉంటాగా. నీళ్ళలోంచి వచ్చి దులుపుకుంటది, రెక్కలు విప్పి నుంచుంటది, ముక్కుతో ఒక్కో ఈకా విడదీసుకుంటది. అంతే. ఎవురూ పిండరు.”

ముప్పయ్యేళ్ళ సర్వీసులో నాకు అంత చక్కగా పని నేర్పిన మనిషి ఇంకొకరు లేరు. లాండ్రీలో ఎక్కడ చూసినా సోడా, బ్లీచింగు. అందుకని సంచిని మా ఇంటికి పట్టుకెళదామన్నాను. తల్లీకూతుళ్ళిద్దరూ బుధవారం పొద్దున్నే వచ్చేశారు. వాళ్ళకన్నా ముందు బాబాయి వచ్చి మా పెరట్లో కూర్చున్నాడు, రమ్మని నేను పిలవలేదు. “నలభయ్యేళ్ళలో బాతుని బండకేసి కొట్టింది నేనొక్కణ్ణే,” అన్నాడు. “చూసుకోవాలి కదమ్మా.”

ముందు విడిపోయిన కుట్టు సన్నటి సూదితో మూసేశాను. పెద్ద టబ్బులో చల్లటి నీళ్ళు పోసి, సంచిని అందులో ముంచి, అరచేతులతో మెత్తగా అదిమాం. సోడా జారుడు పోవడానికి ఒక విడతలో కొంచెం వెనిగర్ వేశాను. అది నా విద్య. తర్వాత నీళ్ళు మారుస్తూనే ఉన్నాం, ఏడు విడతలు, నురగ లేకుండా తేటగా వచ్చేదాకా. తడిసిన సంచి మోయలేనంత బరువు. ఒక కొస పట్టుకుని లేపితే లోపలి కుట్లన్నీ తెగుతాయి. కిందినుంచి దుప్పటి పరిచి, నాలుగు మూలలా నలుగురం పట్టుకుని, పసిగుడ్డుని ఎత్తినట్టు ఎత్తాం. మా ఆయన నవారు మంచం వరండాలోకి వచ్చింది. ఆయన మూడు రోజులు చాప మీద పడుకుని, వచ్చిపోయేవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు.

నవారు మంచం అయితే కిందినుంచీ గాలి తగులుతుంది. పైన ఫ్యాను, పక్కన టేబుల్ ఫ్యాను. సూటి ఎండ తగలకూడదు, నీడలో వేడిగాలి చాలు. నూజివీడు మే నెలలో వేడిగాలికి కరువేముంది! అరగంటకొకసారి తిప్పడం, ముద్ద తగిలినచోట రెండు వేళ్ళ మధ్య నలిపి విడదీయడం. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల ముద్ద తడిగానే ఉంటుంది. అక్కడే అందరూ మోసపోతారు. గురువారం సాయంత్రం నేనూ మోసపోయాను. “అయిపోయింది, మడిచేద్దాం,” అన్నాను. తల్లి, సంచి మెడ దగ్గర ఒకచోట పట్టుకుని, “ఇంకా పచ్చిగానే ఉందండీ,” అంది. కాయని చేత్తో పట్టుకుని ముదిరిందో లేదో చెప్పే మనిషి. నేను వాదించలేదు. వాదించకపోవడం నా స్వభావం కాదని మా ఆయన గుర్తుచేశాడు.

ఆ మూడు రోజులూ ఆమె పని చేసుకుంటూనే కూతుర్ని దెప్పుతోంది. “ఒక్క మాట తెలుగులో రాసుంటే...” అంటుంది. ఆ పిల్ల తల వంచుకుని ముద్దలు నలుపుతుంది. నాకు ఎదురుగా కూర్చుని నలుపుతుంది. ఒక్కసారి కూడా “నేను నోటితో కూడా చెప్పాను కదా మేడం” అనలేదు. అనుంటే నాకు తేలికయ్యేది.

శుక్రవారం మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. ఈదురుగాలి లేచింది. మామిడి ఊళ్ళలో ఈ గాలంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు, కాయంతా నేల పాలవుతుంది. వరండాలోకి జల్లు కొట్టేలోపు నలుగురం మంచాన్నే ఎత్తి హాల్లోకి తెచ్చాం. తలుపులో ఇరుక్కుంటే బాబాయి మంచంకోడు మీద రెండు గుద్దులు గుద్దాడు. బండ అలవాటు ఎక్కడికి పోతుంది! అంతలో తల్లి ఫోను మోగింది. తోట మేస్త్రి. స్పీకరు పెట్టకపోయినా ఆ గొంతు మా అందరికీ వినబడింది. కాయ రాలిపోయింది, అందరూ ఏరడానికి వచ్చారు, నువ్వెక్కడ చచ్చావు, మూడు రోజులుగా పత్తా లేవు, ఇంక రావద్దు.

ఆమె నింపాదిగా విని, “రాలిన కాయ యాడికీ పోదు మేస్త్రీ,” అంది. “ఇది మళ్ళీ తడిస్తే నా పిల్ల యాడికీ పోదు.” ఫోను పెట్టేసి మంచం పక్కన కూర్చుని, వదిలిన చోటునుంచి నలపడం మొదలుపెట్టింది.

నేను వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా టీ పెట్టాను.

మేస్త్రితో మాట్లాడుకోవడానికి శనివారం తల్లి తోటకి పోక తప్పలేదు. మైలవరానికి ఆ పిల్లతో నేను బస్సెక్కాను. సంచిని మడవకుండా, నొక్కకుండా, పాత దుప్పటిలో వదులుగా చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. దారిలో ఆ పిల్ల, “మీరెందుకు మేడం, నేను చెప్పుకుంటాను,” అంది. “నువ్వు నోర్ముయ్,” అన్నాను. ప్రేమగానే అన్నాను.

కోచ్ మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. నవ్వడం ఎప్పుడో మానేసినట్టున్నాడు. వరుసగా అందరి బూట్లు, కోట్లు చూస్తూ మా దగ్గరికి వచ్చి సంచి విప్పించాడు. గుడ్డ మీద సొన మరక చూసి కనుబొమ్మలు ముడిచాడు. చేయి లోపల పెట్టి పైనుంచి కిందికి తడుముతూ వచ్చి, కాళ్ళ చివర ఆగాడు.

“ఎడమ పక్క పలచబడింది. కుట్టు కొత్తగా ఉంది. ఏం చేశావమ్మా దీన్ని?”

“ఆ అమ్మాయి ఏమీ చేయలేదండీ,” అన్నాను. “నేను చేశాను.”

“మీరెవరు?”

“దీన్ని పాడుచేసినదాన్ని. మళ్ళీ బాగుచేసినదాన్ని కూడా.” అప్పటికే అందరూ మా చుట్టూ మూగారు. వింటే విననీ అనుకుని మొత్తం చెప్పాను. అప్, డౌన్, ఫోను, సంతకం, సోడా, బండ, అన్నీ. “ఆ అమ్మాయి నోటితో రెండుసార్లు చెప్పింది, స్లిప్పు మీద రాసింది. రాసింది కరెక్టే. అడగాల్సినదాన్ని నేను అడగలేదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. సంచిని నున్నటి గచ్చు మీద పరిపించి, చేతి గడియారం చూసుకుని, “పది నిమిషాలు ఎవరూ ముట్టుకోవద్దు,” అన్నాడు. ఈకలు బతికి ఉంటే గాలి పీల్చుకుని అదే లేస్తుందట. లేకపోతే లేదు.

నా పెళ్ళిచూపుల రోజున కూడా నేను అంత బితుకుబితుకుమంటూ కూర్చోలేదు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఛాతీ దగ్గర కొంచెం ఉబ్బింది. తర్వాత మెడ, తర్వాత నడుము. కుట్ల మధ్య ఒక్కో గదీ నెమ్మదిగా లేచింది. ఎడమకాలి మూల ఒక్కటే లేవలేదు.

“ఎడమకాలికి రెండు జతల సాక్సులు వేసుకుంటావా?” అని అడిగాడు ఆయన.

“మూడేసుకుంటాను సార్!”

ఆయన కాగితం మీద టిక్కు పెట్టి, ముందుకి పోతూ నా వైపు తిరిగాడు. “పాడుచేసి ఎదురొచ్చి చెప్పిన లాండ్రీని మొదటిసారి చూశానమ్మా.” మెచ్చుకున్నాడో దెప్పాడో నాకు తెలియలేదు. మెచ్చుకున్నాడనే అందరికీ చెప్పాను.

సోమవారం నాడు లాండ్రీలో ‘అప్’, ‘డౌన్’ రెండూ కొట్టేసి, ‘మిషన్’, ‘బండ’ అని రాయించాను. స్లిప్పు వేదం అనడం కూడా మానేశాను. రాసిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా కాగితాన్ని ఏం చదువుతాం, మనిషినే అడగాలి. స్లీపింగ్ బ్యాగ్ మీ చేతికి వస్తే ఇది గుర్తుపెట్టుకోండి: ఊరికే ఉతకొద్దు. మెడ దగ్గర జిడ్డుంటే అంతవరకే తడిగుడ్డతో తుడవండి. వాడిన ప్రతిసారీ తిరగేసి నీడలో ఆరబెట్టండి. సంచిలో కుక్కేసి అటకెక్కించొద్దు, వదులుగా వేలాడదీయండి. పాపం, ఈకలకి కూడా ఊపిరాడాలి.

నెలా పదిహేను రోజులకి ఆ పిల్ల తిరిగొచ్చింది. మొహం మాడి నల్లబడింది, పెదాలు పగిలాయి, కళ్ళల్లో మాత్రం ఏదో కొత్త ధీమా. సారుకి ఇచ్చేముందు సంచి ఒకసారి చూడమని తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికే తెచ్చింది. మేస్త్రి ఆ వారంలోనే మళ్ళీ పనిలోకి రమ్మన్నాడట, కాయ కోతకి మనిషి దొరక్క. తల్లి వరండాలో చెప్పులు విడుస్తుండగా ఆ పిల్ల నా చెవిలో, “మొదటి రెండు రోజులూ ఎడమకాలు కొయ్యబారిపోయింది మేడం. అమ్మతో అనకండి,” అంది.

వాళ్ళమ్మ లోపలికొచ్చి మంచం మీద పరిచిన సంచిని చూసింది. “దీంట్లో ఎట్టా దూరతారే?” అంది. కూతురు జిప్పు తీసి, “దూరి చూడమ్మా,” అంది. వద్దు వద్దంటూనే చీర కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని లోపలికి జారింది. కూతురు జిప్పు గడ్డందాకా లాగింది. మొహం ఒక్కటే బయటికి. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఆమె కాసేపటికి నవ్వు ఆపి, లోపల కాళ్ళు కదిపింది.

“ఇదిగో, ఇక్కడ పలచగుంది,” అంది. “ఎడమకాలికి చలేసిందా అమ్మా?”

“లేదమ్మా. వెచ్చగా ఉంది.”

ఆమె కూతురి మొహంలోకి చూసింది. ఇంక నావల్ల కాలేదు.

“అమ్మా, ఆ తప్పు మీ పిల్లది కాదు,” అన్నాను. “నాది. తను నాతో చెప్పింది. నేను వినలేదు. మూడు రోజులు మీరు తిడుతుంటే నేను నోరు మూసుకుని కూర్చున్నాను.”

ఆమె సంచిలోంచి నా వైపు కళ్ళు తిప్పింది.

“తెలుసులెండి. తప్పు చేయనోళ్ళు అన్ని రోజులు మంచం పక్కన కూర్చోరు.”

“తెలిసీ మీ పిల్లని ఎందుకు తిట్టారు?”

“మీరెప్పుడు చెబుతారా అని చూశాను,” అంది. “ఇంక ఈ జిప్పు తీయండి, ఉడికిపోతున్నాను.”